సుల్తాను గారి కోటు కాజాలు

అన్నయ్యా,

నీ తమ్ముడు సత్తిగాణ్ణి. నువ్వు పోయి తొమ్మిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ నీకు రాయాల్సినంత సంగతి ఏదీ జరగలేదు. ఇప్పుడు జరిగింది.

ఆ ఆఫ్రికా దీవిలో మనం బట్టలు కుట్టిపెట్టిన మన సుల్తాను గారు కనిపించారు... ఇక్కడ, అమెరికాలో.

నేనిప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. పక్క ఊళ్ళో ఒక హాల్లో ఆఫ్రికా ఫోటోలు పెట్టారని మనవరాలు లత కార్లో తీసుకెళ్ళింది. లోపలికి అడుగు పెట్టగానే నిలువెత్తు ఫోటో. ఆయనే. నువ్వు కుట్టిన నల్ల లాంగ్ కోటు వేసుకుని.

మొహం చూడలేదన్నయ్యా, ముందు గుండీల కాజాలు చూశాను. మగవాళ్ళ కోటుకి ఉన్నట్టే ఎడమ వైపు ఉన్నాయి. మన కోటు అలా లేదే...

గుర్తుందా? మూడు నెలలు తెల్లదొర పెళ్ళానికి జాకెట్లు కుట్టి కుట్టి నీ చెయ్యి ఆడవాళ్ళ వాటానికి అలవాటు పడిపోయింది. సుల్తాను గారి కోటుకీ కాజాలు కుడి వైపు తీశావు. అంత పెద్ద దర్జీవి, జన్మలో చేసిన తప్పు అదొక్కటే. దర్బారులో దొర చూసి, ఆడకోటు తొడిగారేమిటని అందరి ముందూ నవ్వాడు.

ఆయన బతుకు మనం చూశాం కదా. పేరుకే సుల్తాను. పన్ను దొరది, రేవు దొరది, సిపాయిలు దొర మనుషులు. పక్క దీవిలో ఉన్న అక్కగారిని చూడటానికి పడవెక్కాలన్నా దొర చీటీ కావాలి. అలాంటి మనిషి ఆ రోజు కోటు విప్పలేదు. ఇక మీద తన కోట్లన్నీ ఇలాగే ఉండాలని అక్కడే నీకు ఆర్డరు వేశారు. నెల తిరక్కుండా కొలువులో మగాళ్ళందరూ కాజాలు మార్పించుకున్నారు. మనకి తినే తీరిక లేదు. దొర మొహం మాడిపోయింది.

నువ్వు మాత్రం సిగ్గుతో చచ్చావు. "ఒరేయ్ సత్తిగా, ఇది నా చేతి తప్పని ఎక్కడన్నా అన్నావంటే నాలిక కోస్తా" అన్నావు.

సరే, హాలు సంగతి. ఫోటోలు పెట్టింది ఒక తెల్ల ప్రొఫెసరు. లత ఇంగ్లీషులో అడిగింది. కాజాలు ఆడవాళ్ళ వైపు ఉండేసరికి ఫోటో కుడిఎడమలు తిరగబడిందనుకుని, ఆయనే తిప్పి ప్రింటు చేయించాడట.

ఊరుకుంటానా? ప్రొఫెసరు చెయ్యి పట్టుకుని పక్క గోడ దగ్గరికి లాక్కెళ్ళాను. అక్కడ సుల్తాను గారి ముసలితనం ఫోటో ఉంది. వెనక బోర్డు మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. అందులో ఎడమ చేతి చిటికెన వేలు సగమే, చిన్నప్పుడు పడవ తాడులో పడి తెగింది కదా. కోటు ఫోటోలో సగం వేలు కుడి చేతికి ఉంది. వేలు ఆ చేతి నుంచి ఈ చేతికి నడిచొచ్చిందా అని అడగమన్నాను. లత నవ్వుతూనే అడిగింది. పాపం, ఆయన రెండు ఫోటోల మధ్యా నాలుగు సార్లు తిరిగాడు.

మరి కాజాలు అటెందుకున్నాయి అన్నాడు.

ఏం చెప్పను? సుల్తాను గారి ముచ్చట అని ఊరుకుంటే నీ పరువు నిలిచేది. కాని అప్పుడు ఆ కోటు కుట్టినవాడు ఎవడూ లేనట్టే కదా...

చెప్పేశానన్నయ్యా. మా అన్న కుట్టాడు, పొరపాటున కుట్టాడు, ఆ పొరపాటునే సుల్తాను గారు పంతం పట్టి తొడుక్కున్నారు అని. ప్రొఫెసరు రాసుకున్నాడు. నీ పేరు రెండు సార్లు పలికించుకున్నాడు.

ఈ శనివారం మళ్ళీ వెళ్ళాం. ఫోటో సరిచేశారు. కింద కొత్త కార్డు, దాని మీద నీ పేరు, పక్కన దర్జీ అని. లత పోలరాయిడ్ తీసింది. పొద్దుట్నుంచి పదిసార్లు చూసుకున్నాను.

కోపం వచ్చిందా? రానీ. నవ్విన దొర పేరు ఆ హాల్లో ఎక్కడా లేదు. నీ పేరుంది.

నెలాఖరు దాకా ఉంటాయట ఆ ఫోటోలు. ప్రతి శనివారం వెళ్ళి ఆ పక్కనే నిలబడతాను. అడిగినవాళ్ళకీ చెబుతాను, అడగనివాళ్ళకీ చెబుతాను.

నీ తమ్ముడు
సత్యం