మందుల షాపతను ఇచ్చిన కాగితం

జూన్ 3
చెల్లి మాత్ర మా ఇద్దరి జీతాలనూ మింగుతోంది. రక్తపు క్యాన్సర్. మాత్ర మానితే జబ్బు తిరగబడుతుందట. ఆ మందు మీద కంపెనీకున్న పేటెంట్ ఈ ఏడాదితో తీరిపోతుంది. తీరితే చవక మందు వస్తుంది. వాళ్లు ఊరుకుంటారా? పాత మందుకే కొత్త చొక్కా తొడిగి, ఇదీ కొత్తదే, ఇంకో ఇరవై ఏళ్లు మాకే కావాలంటున్నారు. అభ్యంతరాలు వినడానికి పదమూడున పేటెంట్ ఆఫీసులో హియరింగ్. రోగుల సంఘం నన్ను పంపుతోంది. బస్టాండుల్లో మైకు లేకుండా దేవుని వాక్యం చెప్పినవాణ్ణి మరి. నా నోటికి పేటెంట్ అక్కర్లేదట, కాపీ కొట్టేంత ఓపిక ఎవరికీ లేదట. చెల్లి అంది.

జూన్ 9, సాయంత్రం
మందుల షాపతను కౌంటర్ కింది నుంచి ఒక కాగితం తీసిచ్చాడు. పద్దెనిమిదేళ్ల కిందటి సైన్సు పత్రిక నకలు. కంపెనీ కొత్తదంటున్నది అందులో అప్పుడే అచ్చయిందట. తన పేరు బయటికి రాకూడదన్నాడు, సరుకు ఆపేస్తారని భయం.
"బ్రదర్, ఇదొక్కటి ఆఫీసరు చేతిలో పెట్టి వచ్చెయ్యండి. మీరేం మాట్లాడక్కర్లేదు."
మాట్లాడక్కర్లేదట! ప్రవక్తలు రాజుల ముందుకు చీటీలు పట్టుకుని వెళ్లారా?

జూన్ 12
ఉపవాసం. బైబిల్లో మన్నా అధ్యాయం, ఎడారిలో దేవుడు ఏ రోజుకారోజు కురిపించిన తిండి సంగతి, నాలుగుసార్లు చదివాను. రేపటికని దాచుకున్నవాడి మన్నాకు పురుగులు పట్టాయి. కంపెనీకి ఇదే వాక్యం. చేతికందిన కాగితమేదో అక్కడ గుర్తుగా పెట్టాను.

జూన్ 13
నిప్పు దిగింది! చిన్న గది, గురకపెట్టే ఏసీ. ఆఫీసరు పెన్ను కింద పెట్టేశాడు. వెనక కుర్చీల్లో రోగులు ఆమెన్ అన్నారు. టైపు చేసే అమ్మాయి కళ్లొత్తుకుంది. ఇచ్చిన ఇరవై నిమిషాలూ మన్నాకే చాల్లేదు. చివర్లో ఆఫీసరు, దాఖలు చేసేదేమైనా ఉందా, ఇదే ఆఖరి అవకాశం అన్నాడు. గ్రంథం పైకెత్తాను.
"అయ్యా, నేను దాఖలు చేసేది ఇదే."
కంపెనీ లాయరు నవ్వాడు. నవ్వనీ.

జూలై 22
ఆర్డర్ వచ్చింది. పేటెంట్ ఇచ్చేశారు. అభ్యంతరం చెప్పినవారు ఏ పత్రమూ దాఖలు చేయలేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. బబులోను! అమ్ముడుపోయిన న్యాయపీఠం! వీధి చివరిదాకా అరిచాను. మందుల షాపతను షట్టరు సగం దించి మెల్లగా అడిగాడు, మరి మన కాగితం సంగతి ఏమన్నారని.

అదే రోజు, అరగంట తర్వాత
మన్నా దగ్గరే ఉంది.

ఆగస్టు 5
చెల్లికి చెప్పేశాను.
"చేతిలో పెట్టి రమ్మన్నాడు కదా అన్నయ్యా" అంది. అంతే. మాత్రను గోటితో రెండు ముక్కలు చేసి, ఒకటి వేసుకుని, రెండోది రేపటికని దాచుకుంది.
రేపటికని.

ఆగస్టు 10, ఆదివారం
చర్చిలో ప్రసంగం చెయ్యలేదు. లేచి నిలబడి ఆ కాగితం చదివాను, పై నుంచి కింది దాకా, అంకెలతో సహా. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకూ. చెల్లి ఒక్కతే ఆమెన్ అంది.