కడిగినా ఊడని పొర

మంగళవారం, రాత్రి

ఈరోజు గైడ్ సార్‌కి ఎదురుచెప్పాను. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాలిమర్ రేణువులు ద్రావణంలో పుట్టి పెరిగేటప్పుడు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసేది స్టెబిలైజర్. మేం కొనే రకం రేణువు చుట్టూ ఊరికే పట్టుకుని ఉంటుంది, గట్టిగా కడిగితే ఊడిపోతుంది. నేను తయారుచేసినది అలా కాదు. రేణువు పెరుగుతుండగానే దానితో రసాయన బంధం కట్టేసుకుంటుంది. పొద్దున రెండింటినీ కడిగి చూశాను. కొన్న రకం వేసినది విరిగిన పాలలా ముద్దలు కట్టింది. నాది తెల్లగా, పల్చగా, అలాగే ఉంది.

సార్ సీసా ఎత్తి వెలుతురులో చూశారు. "బాగానే ఉంది. కానీ ఒక్కసారి వచ్చినదాన్ని ఎవరు నమ్ముతారమ్మా? పాతదాంతోనే థీసిస్ రాసేయ్," అన్నారు.

"మళ్లీ చేస్తాను సార్. ఈసారి మీరే కడిగి చూడండి. ముద్దకడితే అప్పుడు పాతదాంతో రాస్తాను."

ఆయన సీసా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. వద్దని మాత్రం అనలేదు.

భావనపాడు నుంచి అమ్మ ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను.

"సార్‌తో తగువెట్టుకున్నావేటే? నీ పీహెచ్‌డీ ఆపేస్తే ఏటి సేస్తావు?"

"ఆపితే ఆపనీ. కళ్లెదురుగా నిలబడినదాన్ని ఎలా పారేస్తానమ్మా?"

అమ్మ, "మళ్లీ సేస్తే అలాగే వస్తాదా మరి?" అంది.

నాకూ తెలియదు. కానీ ల్యాబ్ నుంచి వచ్చే ముందు రేపటి ప్రయోగానికి ఫ్లాస్కు కడిగి ఆరబెట్టాను.