పట్టుగూళ్లు ఎండబెట్టిన సంగతి

చెరువుగట్టు ఆర్ట్ గ్యాలరీ మేనేజరు మేడం గారికి,

హిందూపురం పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచే రైతు నమస్కరించి రాసుకుంటున్నది. మీ దగ్గర బొమ్మల గురించి జనానికి వివరించే యామిని మా అన్న కూతురు. ఆదివారం జరిగినదానికి ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారట. తప్పు నాది.

ఆ రోజు యామినిని చూడటానికి మీ గ్యాలరీకి వచ్చాను. ఆమె అన్నానికి వెళ్లినప్పుడు మూడో గదిలో దుప్పటి మీద పట్టుగూళ్ల కుప్ప చూశాను. ఒకటి చెవి దగ్గర ఊపాను. పచ్చిగూడు, లోపల పురుగు బతికే ఉంది. దుప్పటితో సహా ఎత్తబోయాను.

కాపలా ఆయనది మడకశిర వైపు. "ఏమప్పా, యాడికి ఎత్తుకపోతాండావు?" అన్నాడు.

"ఎండకప్పా. నాలుగు దినాలుంటే పురుగులు బయటికొచ్చి అన్నీ చిల్లులే. దారం రాదు."

"ఈ పట్నమోళ్లకేం తెలుసు! ఉండు, ఆ కొస నేను పట్టుకుంటా."

ఆయన పేరు రాయను.

సాయంత్రం దాకా గట్టు మీద ఎండబెట్టి, ఒక్కటీ పోకుండా తిరిగి కుప్ప పోశాం. పురుగులన్నీ చచ్చాయి.

అవి గూళ్లు చీల్చుకొని గది నిండా ఎగరడమే ఆ కుప్ప పెట్టిన కళాకారుడి బొమ్మ అని యామిని ఏడుస్తూ చెప్పింది. శనివారం అది చూడటానికి పెద్దలు వస్తున్నారట. మూడు తరాలుగా మా ఇంట్లో పురుగు గూడు చీల్చకుండా చూడటమే పని. నాకెట్లా తెలుస్తుంది?

శుక్రవారం బుట్టెడు పచ్చిగూళ్లు నేనే తెస్తాను. శనివారం తెల్లారేసరికి పురుగులు బయటికొస్తాయి. కానీ రెక్కలున్నా పట్టుపురుగు ఎగరలేదు, ఉన్నచోటే రెక్కలు కొట్టుకుంటుంది. ఆ మాట కళాకారుడికి దయచేసి మీరే చెప్పండి. యామిని చెబితే ఉద్యోగం మళ్లీ పోతుంది.

ఇట్లు,
యామిని చిన్నాయన