యాదమ్మ పళ్ళపొడి

ఆగస్టు 2004, మంగళవారం రాత్రి

మొక్కజొన్న బెండ్లను గాలి తగలని డ్రమ్ములో కాల్చి బొగ్గు చేశాను. మందుల కంపెనీల నుంచి మూసీలో కలిసే యాంటీబయాటిక్‌ను అది పీల్చుకుంటుందని చదివి, మూసీ నీళ్ళను దానిలోంచి వడగట్టాను. ఆ తడి బొగ్గును నిన్న మిద్దె మీద ఆరబెట్టాను.

మా నాయనమ్మ ఉన్నంతకాలం మా ఇంట్లో పళ్ళకు బొగ్గూ ఉప్పే. ఆ సంగతైనా గుర్తుండొద్దూ నాకు?

పొద్దున చూస్తే బొగ్గు సగమే ఉంది. కింద నల్లా దగ్గర, పాలమ్మే యాదమ్మ నోరంతా నల్లగా ఉంది.

"ఉమ్మెయ్! అది మందు పీల్చిన బొగ్గు!"

"చిటికెడు బొగ్గుకు గింత లొల్లేంది బాపూ? ఉప్పు నాదే గద!"

"ఇంకెవరికిచ్చినవ్?"

"రాత్రే దంచి, పొట్లాలు గట్టి గల్లీల అందరికిచ్చిన. మస్తు మెత్తగున్నదన్నరు."

ఇల్లిల్లూ తిరిగి, తిట్లు తిని, పొట్లాలన్నీ వెనక్కి తెచ్చాను. ఒక్కటి మాత్రం యాదమ్మ చెల్లెలితో ఫలక్‌నుమాలో రైలెక్కి ఊరికి పోయింది. ఆమెకు ఎనిమిదో నెల. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. రేపు మొదటి బండికి నేనూ యాదమ్మా పోవాలి.

బొగ్గు నిజంగా మందును పట్టిందో లేదో నాకింకా తెలియదు. ఇన్నాళ్ళూ పట్టాలనే కోరుకున్నాను. ఈ రాత్రి మాత్రం, పట్టకపోయి ఉంటే బాగుండును...