అలమర పిడులకు పూలదండ

నాగేశ్వరీ, ఊరి నుంచి రాగానే వంటింటి అలమర తెరవకు. నువ్వు సాదా పిడులు తెమ్మన్నావు. బేగంబజారు కొట్టాయన "లక్ష్మిబొమ్మవి తీస్కపోండ్రి సారూ, ఇంటికి కళొస్తది" అన్నాడని ఇత్తడివి తెచ్చి, రెండు తలుపులకూ నేనే బిగించాను. ఇవాళ శుక్రవారం కదా, అమ్మ రెంటికీ బొట్లు పెట్టి, కలిపి ఒకే దండ వేసింది. తీయబోతే "సాయంత్రం దీపం పెట్టేదాకా ముట్టుకోకురా" అంది. పంచదార లోపలే ఉండిపోయింది. చప్పటి కాఫీ తాగాను. నా షోకుకు తగిన శాస్తే. మూసాపేట స్టాపుకు షిఫ్టు బస్సు వచ్చే వేళయింది, వెళ్తున్నాను.

మరిచాను, ఈ చీటీ మీద పెట్టిన గ్లాసులో పంచదార నీకే. పక్కింటి భాగ్యమ్మగారిని అడిగి తెచ్చాను. మనింట్లో రెండు కిలోలుందని ఆవిడతో అనకు.