మీరు చదవాల్సిన చోట

పాప నాన్నకు, ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను, కంగారు పడకండి.

ఈ లాండ్రీలో అందరూ భోజనానికి వెళ్లాక ఇస్త్రీ గదిలో నేనొక్కదాన్నే మిగులుతాను. సరిగ్గా అప్పుడే మనసులో ఆ గొంతు మొదలవుతుంది: "నువ్వు లేకపోయినా ఇల్లు నడుస్తూనే ఉంది, నిన్నెవరు తలుచుకుంటున్నారు?" దాన్ని తరిమేద్దామని నిన్న పాట అందుకున్నాను. చరణం అయ్యాక అలవాటు కొద్దీ ఆగాను. ఇంటి ప్రార్థనలో చరణానికీ చరణానికీ మధ్య మీరు బైబిలు వాక్యం చదువుతారుగా! ఇక్కడ ఆవిరి బుసలు తప్ప ఏమీ వినబడలేదు. ఆ సందు చూసుకుని ఆ గొంతు మళ్లీ దూరింది.

గుండీలు కుట్టే ముసలమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఆపేశావేంటమ్మా? ఎవరికోసం చూస్తున్నావ్?" అంది. మీరు చదివే 'యెహోవా నా కాపరి' కీర్తనను, మీలాగే మధ్యలో గొంతు సవరించుకుంటూ, నేనే పైకి చెప్పాను. వెంటనే రెండో చరణం ఎత్తుకున్నాను. పాటా వాక్యమూ జడపాయల్లా అల్లుకునేసరికి ఆ గొంతుకు దూరే సందు దొరకలేదు. నాకు ఏడుపు మాత్రం ఆగలేదండీ.

పాప దగ్గు తగ్గిందా? కారే కుళాయి బాగు చేయించారా, కింద బకెట్టు పెట్టి మురిసిపోతున్నారా? నాకు కంఠతా రాని కీర్తన ఒకటి పెద్ద అక్షరాలతో రాసి పంపండి.

దేవుడు మీ ఇద్దరికీ తోడుండుగాక. ఒక్క మాట. సాయంత్రం ప్రార్థనలో మీరు వాక్యం తెరిచే ముందు నేను పాడే చరణానికి పట్టేంత సేపు ఆగండి. పాప పాడతానంటే తర్వాత పాడమనండి. ఆ కాస్త చోటూ నాది.