డాక్టరు గారు చూసి వెళ్లిన నెల

భవానీపురం,
ఆగస్టు 1975

సంజీవరావు డాక్టరు గారికి సలాములు. మీ దగ్గర మనోవ్యాధికి మందు వాడుతున్న బడే మియా గారి భార్యను.

నిద్రవేళలు తప్పితే మనసెలా చెదురుతుందో మీరు ఇంగ్లీషు పత్రికలో రాశారట. పక్కింటి మేష్టారు చదివి చెప్పారు. పేరు వెయ్యలేదు గానీ, భవానీపురంలో పరుపులు కుట్టే మీ రోగి మా ఆయన గాక ఇంకెవరండీ? చీకటితోనే లేస్తాడనీ, పగలు అన్నం ముట్టడనీ, మధ్యాహ్నం కునుకుతాడనీ, అవన్నీ జబ్బు ముదిరిన గుర్తులనీ రాశారు. మీరు మా ఇంటికొచ్చి చూసింది రంజాన్ నెలలో. మీకు తెలియదా? తెలిసే వదిలేశారా?

మళ్లీ రంజాన్ వస్తోంది. ఈసారి ఉపవాసం వద్దనీ, మాత్ర రెట్టింపు వేసి తెల్లారేదాకా పడుకోబెట్టమనీ చీటీ రాశారు. ఇది ఆయన కోసమా, మీ రాత నిలబడటం కోసమా?

ఏడాది పొడుగునా ఆయన్ని నేను కుదిపి లేపాలి. ఆ ఒక్క నెలా ఉపవాసం మొదలయ్యేలోగా తినాలని చీకటితోనే ఆయనే ముందు లేచి, పొయ్యి వెలిగించి, "లేవండమ్మా, సహరీ అన్నం తినే వేళయింది" అని పిల్లల్ని పిలుస్తారు. మీ మాత్ర వేస్తే ఈసారి మమ్మల్ని ఎవరు లేపుతారండీ?